మూడు వీధుల బండి

అమ్మలూ,

నాన్న దీవెనలు. నేను బాగున్నాను. ఇది నీ ధైర్యం కోసం రాసిన మాట కాదు. మీరు ముగ్గురూ కులాసా అనుకుంటాను.

అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. రెండు పూటలా వండుకుంటున్నాను. ఉప్పు ఒక్కటే ఇంకా చేతికి చిక్కలేదు. మీ అమ్మ కుట్టుమిషను పక్కింటావిడకు ఇచ్చాను. సాయంత్రాలు గోడ అవతల చప్పుడు వినిపిస్తుంది. బాగానే ఉంది.

ఇక నువ్వు అమ్మేయమన్న వ్యాను. అది వాకిట్లో కనబడినంతకాలం నేను కోలుకోనని కదా నీ భయం. మీ అమ్మ పోయిన తొమ్మిది నెలలకు, కొనేవాడు చూడటానికి వస్తే, కిందటి వారం స్టార్ట్ చేశాం. నల్లటి పొగ. బాగుచేయించి ఉంచమని అతను వెళ్లిపోయాడు. మెకానిక్ ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టం విప్పి చూపించాడు. బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. తక్కినదంతా తారులాంటి మసి.

"నడిపిందెవరు సార్?"

"మా ఆవిడ."

"ఎంత దూరం తిప్పేవారు?"

"మూడు వీధులు. కుట్టిన బట్టలు కొట్లకు వేసేది."

"అదీ సంగతి. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లొచ్చేసేది. గారాబం చేసి చెడగొట్టారు సార్. నెలకోసారైనా పెద్దరోడ్డు మీద పరిగెత్తించాలి."

మసి నేనే గీకుతానన్నాను. "పెన్ను పట్టిన చేతులు, వారం దాకా వదలదు" అని నవ్వాడు. నిజమే, ఈ కాగితం అంచున మరక అదే. వరండాలో పాత పేపర్లు పరిచి, మసి కరిగే మందు కొట్టి నానబెట్టి, చెక్కపుల్లతో, ఇత్తడి బ్రష్షుతో రెండు రోజులు గీకాను. చివరికి లోహం తెల్లగా తేలింది. ఆ పూట ఆకలేసి తిన్నాను.

ఒక మాట నీకు చెప్పలేదు. పక్క సీట్లో కూర్చుని రోజూ "మెల్లగా, మెల్లగా" అన్నది నేనే. నీ కాన్పుకు మీ అమ్మ వ్యానులోనే వద్దామంది, తనే నడుపుతానంది. బండి అంత దూరం లాగదని చెప్పి బస్సెక్కించాను. బండికి ఏ లోటూ లేదు. భయం నాది. ఆమె మళ్లీ అడగలేదు.

నిన్న మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. పెద్దరోడ్డెక్కాక కాసేపు నల్లగా ఊదింది, ఆ తర్వాత పొగ లేదు. "తొక్కండి సార్, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. తొక్కాను.

కొనేవాణ్ణి రావద్దన్నాను. కోప్పడకు. ఆదివారం పొద్దున్నే బయలుదేరి మీ ఇంటికి వస్తున్నాను. గేటు ముందు చోటు ఉంచమని అల్లుడితో చెప్పు. నీ జాగ్రత్తలన్నీ వింటాను. మెల్లగా రమ్మని మాత్రం అనకు.

ఇట్లు,
వ్యానుతో వస్తున్న
మీ నాన్న