ఆదివారం దిమ్మ

నవంబర్ 5, 2024. మంగళవారం

కొత్త కేసు ఒప్పుకునే ముందు ఆ వ్యాపారం దగ్గర ఒక పొద్దు కూర్చుంటాను. కాగితాలు తర్వాత. ముప్పై ఏళ్ళ అలవాటు. నిన్న యంగోన్ నుంచి నది దాటి దలా వెళ్ళాను.

మొదటి ఫెర్రీ. నది మీద అవతలి ఒడ్డు ఇంకా కనపడడం లేదు. పక్కన ఒకావిడ బుట్టెడు తమలపాకుల మీద తల పెట్టి నిద్రపోయింది. రేవులో దిగి సైకా రిక్షా ఎక్కితే ఏడు నిమిషాలు. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కనకరాజు గారు నిలబడి ఉన్నారు. అరవై రెండేళ్ళ మనిషి. లుంగీ, పైన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. లాయరు వస్తోందని వేసుకున్నట్టున్నారు. తాత ఓడరేవులో మూటలు మోశాడట. తండ్రి ఐసు బండి లాగాడట. ఈయన ఫ్యాక్టరీ పెట్టారు.

నాకు ప్లాస్టిక్ స్టూలు వేసి, ఇక్కడ సూడ్డానికేటుందమ్మా, నీళ్ళు గడ్డకట్టడమే కదా అన్నారు.

అదే చూశాను. ఉప్పునీళ్ళ తొట్టెలోంచి గొలుసుతో డబ్బాలను వరసగా పైకి లాగారు. మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి వంచితే దిమ్మలు జారి పడ్డాయి. నేల అదిరింది. కొక్కేలతో లాక్కెళ్ళి ఊక పరిచిన చోట పేర్చారు. ఆరుంపావుకి పడవల వాళ్ళు వచ్చారు. అందరికంటే ముందు పడవ యజమాని దో మ్యా తాన్ అనే ఆవిడ. చుట్ట నోట్లోంచి తీయకుండానే దిమ్మలు ఎంచింది. ఒకటి మధ్యలో తెల్లగా ఉందని కాలితో వెనక్కి తోసింది. లోపల గాలి ఉందట. సముద్రం దాకా రాదట. మీ ఆయన్ని కూడా ఇలాగే ఎంచావా అని ఎవరో అడిగారు. అప్పుడు కళ్ళజోడు లేదంది.

ఏడింటికి కరెంటు పోయింది. పనివాళ్ళు నలుగురూ కనకరాజు గారి ముఖం చూశారు. ఆయన జనరేటరు ముఖం చూశారు. వెయ్యమన్నారు. ఆయన భార్య సీతాదేవి గారు నాకు మొహింగా, చేపల పులుసులో వేసే నూడుల్సు, తెచ్చిపెట్టి, సేప లేకుండా సేసినానమ్మా, మీరు నియమంగా ఉంటారని ఎవరో సెప్పినారు అంది. చేపలేని మొహింగా ఎలా ఉంటుందో అలాగే ఉంది. గిన్నె ఖాళీ చేశాను.

ఏడున్నరకు ఒక సైకా వచ్చింది. ఒక దిమ్మను గోనెలో చుట్టి ఎక్కించారు. కనకరాజు గారు పుస్తకంలో రాయలేదు. తల పక్కకు తిప్పుకున్నారు.

నేనూ తిప్పుకున్నాను. అది ఎక్కడికి వెళుతుందో నాకు తెలుసు.

నవంబర్ 6. బుధవారం

కేసు ఒప్పుకున్నాను.

కరెంటు నిలకడ లేదు. ఆగి ఆగి వచ్చే కరెంటుతో ఐసు కట్టదు. జనరేటరు మీద నడిపారు. డీజిల్ బాకీ పెరిగింది. రోజుకు రెండు వందల దిమ్మలు చేసేచోట ఇప్పుడు తొంభై. డీజిల్ వ్యాపారి ఊ సాన్ మాంగ్‌కు రావలసిందే మొత్తంలో సగం పైన. తర్వాత ఆరుగురు పడవల యజమానులు, సీజనుకని ముందే అడ్వాన్సు కట్టినవాళ్ళు. తర్వాత పనివాళ్ళ రెండు నెలల జీతం.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో దివాలా చట్టం నూరేళ్ళ నాటిది. మూసెయ్యడం తప్ప దారి తక్కువ. కొత్త చట్టం వచ్చాక కంపెనీని బతికించే రెస్క్యూ ప్లాన్ రాయవచ్చు. ఇప్పటికి పదకొండు కంపెనీలకు రాశాను. నాలుగు బతికాయి. ఏడింటిని మర్యాదగా మూశాను. మూయడం కూడా పనే. కానీ మూసిన రోజు దీపం దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాను.

నవంబర్ 9. శనివారం

అమ్మ పోయి వచ్చే నెలకు తొమ్మిదేళ్ళు.

అప్పుడు తమ్ముడు రామ్మోహన్ మౌలమ్యయిన్‌లో పనిచేసేవాడు. మర్నాడు మధ్యాహ్నానికి గాని చేరలేకపోయాడు. వేసవి కాకపోయినా ఉక్క. నేనూ చెల్లెలు విజయా ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంటే, చీకటిపడేలోగా గోనెలో చుట్టిన రెండు దిమ్మలు సంచౌంగ్‌లో మా మెట్ల కింద దిగాయి. ఎవరు కబురు చేశారో తెలియదు. డబ్బు ఇవ్వబోతే తెచ్చినతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. దీనికి ధర లేదన్నాడు.

దలా నుంచి వచ్చాయని ఏడాది తర్వాత తెలిసింది. హిందువులా, బౌద్ధులా, ముస్లిములా అని అడగరట. ఎవరింట్లో శవం ఆగవలసి వచ్చినా ఒక దిమ్మ.

నవంబర్ 14. గురువారం

ఈ రోజు చేసిన పని రాయాలి.

స్టేట్‌మెంట్ తయారుచేశాను. చేసిన దిమ్మలు ఇన్ని, అమ్మినవి ఇన్ని. పద్నాలుగు నెలల్లో అయిదు వందల దిమ్మల తేడా. కనకరాజు గారిని అడిగాను. ఆ దిమ్మల సంగతి రాయనివ్వమన్నాను. ఒప్పుకోలేదు. సెప్తే ఇచ్చినట్టు అవదమ్మా, మా అయ్య ఎప్పుడూ సెప్పలేదు, నానూ సెప్పను అన్నారు.

కరుగుదల కింద నూటికి రెండు తీసేయడం వాడుక. మూడు రాశాను. తేడా సరిపోయింది.

సంతకం పెట్టాను.

నవంబర్ 15. శుక్రవారం

జపం కుదరలేదు.

నవంబర్ 26. మంగళవారం

ఊ సాన్ మాంగ్ తరఫున సత్యప్రసాద్ వచ్చాడు. ఒకప్పుడు చౌక్తడాలోని నా ఆఫీసులోనే ఆరేళ్ళు జూనియర్. తెలివైనవాడు. ఎదురుగా కూర్చోక ముందు కాళ్ళకు దణ్ణం పెడతాడు, కూర్చున్నాక కాళ్ళు విరగ్గొడతాడు. ఎలా విరగ్గొట్టాలో నేర్పింది నేనే.

పెద్దక్కా, దలాలో ఐసు యంగోన్ ఐసు కంటే వేగంగా కరుగుతుందా అని అడిగాడు. నవ్వుతూనే. ఇంకో మూడు ఫ్యాక్టరీల లెక్కలు తెచ్చాడు. అన్నిట్లోనూ రెండే. తన క్లయింట్ దొంగ అమ్మకాలు అనుకుంటున్నాడట. అది నిజమని కోర్టు నమ్మితే రెస్క్యూ రద్దవుతుంది. లిక్విడేషన్. తొట్టె, కంప్రెసరు, డబ్బాలు పాత ఇనుము కింద పోతాయి.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు. మీరు మూడు రాశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదక్కా అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నవంబర్ 28. గురువారం

దలా వెళ్ళాను. నేను తప్పు రాశాను, దిద్దుతున్నాను అని కనకరాజు గారికి చెప్పాను. దిద్దితే అయిదు వందల దిమ్మలు ఎక్కడికి పోయాయో చెప్పాలి. చెప్పనంటే నేను ఈ కేసులో ఉండలేను. అబద్ధం మీద ఐసు ఫ్యాక్టరీ నిలబెట్టలేను.

సీతాదేవి గారే ముందు మాట్లాడింది. మీ అయ్య సెప్పలేదు గానీ అబద్ధం ఆడించమన్నాడేటి, పాపం ఆయమ్మ పూజలు సేసుకునే మనిషి, ఆయమ్మ సేత తప్పు రాయించినావు అంది. ఆయన తల వంచుకున్నారు. చివరికి, నా నోటితో సెప్పనమ్మా, తీసుకున్నోళ్ళని అడగండి, ఆళ్ళకిష్టమైతే ఆళ్ళే సెప్తారు అన్నారు.

అది చాలు.

నవంబర్ 29. శుక్రవారం

స్టేట్‌మెంట్ దిద్ది దాఖలు చేశాను. కరుగుదల రెండు. మొదట మూడు రాసింది నేనేనని, కంపెనీ కాదని అఫిడవిట్ కూడా జతచేశాను. క్లర్కు నా ముఖంలోకి చూశాడు. జడ్జి గారు ఒకసారి చదివి నాతో, ఇటువంటిది మళ్ళీ వద్దు దో పద్మినీ అన్నారు. ముప్పై ఏళ్ళలో నేను పడ్డ మొదటి మాట.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. జపం కుదిరింది.

డిసెంబర్ 6. శుక్రవారం

ప్లాన్ ఒక కొలిక్కి వచ్చింది. పడవల యజమానులకు డబ్బు వద్దు, ఐసు కావాలి. అడ్వాన్సు వెనక్కిచ్చినా వాళ్ళు వెళ్ళి ఇంకోచోట ఐసే కొనాలి. కాబట్టి వాళ్ళ బాకీ ఐసుతోనే తీరుతుంది, రోజుకు కొన్ని దిమ్మల చొప్పున. అమ్మకం డబ్బు నెలనెలా పనివాళ్ళకు, ఊ సాన్ మాంగ్‌కు. మూడేళ్ళు. పాత ఇనుము రేటుకు వచ్చేదానికి ఇది రెండింతల పైన.

కోర్టు గడువు ఈ నెల 16.

డిసెంబర్ 13. శుక్రవారం

క్రెడిటర్స్ మీటింగ్. రేవు దగ్గర అద్దె హాలు, ఫ్యాన్లు తిరగడం లేదు.

సత్యప్రసాద్ లేచి అయిదు వందల దిమ్మల మాట ఎత్తాడు. కనకరాజు గారు నేల చూస్తున్నారు. ఆ ఐసు ఎవరైనా తీసుకున్నారా, చెప్పడానికి ఇష్టమేనా అని మాత్రం అడిగి నేను కూర్చున్నాను.

దో మ్యా తాన్ చుట్ట నోట్లోంచి తీసింది. ఆవిడ చుట్ట తీయగా చూడడం నాకదే మొదలు. మా ఆయన కోసం రెండు అంది. పెద్దకొడుకు సముద్రం మీంచి వచ్చేదాకా. వెనకనుంచి ఇంకొకాయన లేచి, మా అమ్మకు ఒకటి అన్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ, నా బిడ్డకు సగం చాలింది, మిగతా సగం వెనక్కి పంపాను అంది. పదకొండు మంది లేచారు. ఎవరూ గొంతు పెంచలేదు.

ఊ సాన్ మాంగ్ చెడ్డ మనిషి కాదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దొంగతనం మాట వెనక్కి తీసుకుంటానన్నాడు. కానీ నా బాకీ తీరేదాకా కంపెనీ ఐసు ఎవరికీ ఊరికే పోకూడదు, ఆ మాట ప్లాన్‌లో రాస్తేనే సంతకం అన్నాడు. న్యాయమే. దానం చెయ్యాలంటే తనది చెయ్యాలి గాని అప్పులవాళ్ళది కాదు. నేను ఆయన లాయర్నైనా అదే చెప్పేదాన్ని.

కనకరాజు గారు లేచారు. అయితే మూసీండి అన్నారు.

దో మ్యా తానే దారి చూపింది. నాకు రావలసిన ఐసు నాది, సోమవారం అందులో ఒక దిమ్మ నేను ఇస్తాను, అది కంపెనీది కాదు కదా అని నన్నే అడిగింది. కాదన్నాను. సత్యప్రసాద్ కాసేపు ఆలోచించి, కాదు అన్నాడు. యజమానులు ఆరుగురూ తలో రోజు తీసుకున్నారు. సోమవారం నుంచి శనివారం దాకా.

డిసెంబర్ 14. శనివారం

కనకరాజు గారు సంతకం పెట్టలేదు.

ఆదోరం నాడు మనుషులు సచ్చిపోరేటమ్మా అన్నారు.

ఎల్లుండి గడువు. ఆదివారం దిమ్మ తన జీతంలోంచి కొంటానన్నారు. మూడేళ్ళ దాకా ప్లాన్‌లో ఆయనకు జీతమే లేదు. పడవల వాళ్ళు ఇంకో దిమ్మ వదులుకోలేరు, వాళ్ళకూ అంతంతమాత్రమే. నేను కొంటానని నోటిదాకా వచ్చింది. ఆయన లాయర్ని. కుదరదు. నోరు మూసుకుని తిరిగి ఫెర్రీ ఎక్కాను.

నేను అడగకూడనిది అడగగలవాళ్ళ చేత అడిగించు తల్లీ అని మాత్రం దండం పెట్టుకున్నాను.

డిసెంబర్ 15. ఆదివారం. ఉదయం

రామ్మోహన్ ఫోను. సాయంత్రం అందరం మీ ఇంట్లోనే తింటాం, విజయ కూడా వస్తోంది అన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. నిన్న సత్యప్రసాద్ కళ్ళజోడు బాగు చేయించుకోవడానికి తమ్ముడి కళ్ళద్దాల షాపుకు వచ్చాడట. గంటన్నర కూర్చున్నాడట. ఒక స్క్రూ బిగించడానికి గంటన్నర ఎందుకురా అన్నాను. స్క్రూ బాగానే ఉందక్కా అన్నాడు.

అదే రోజు. సాయంత్రం

నేను మాట్లాడకూడదు. పప్పు వడ్డించాను.

రామ్మోహన్ అన్నాడు, ఆ రోజు అమ్మ ముఖం నాకు దక్కింది. విజయ, ఖర్చు సగం నాది, పుణ్యమంతా నువ్వే కట్టుకుంటే ఎలాగన్నయ్యా అంది. కాసేపు దెబ్బలాడుకున్నారు. తర్వాత ఒప్పుకున్నారు.

ఆదివారం దిమ్మ వాళ్ళిద్దరూ కొంటారు. పూర్తి ధరకు, కౌంటర్లో, రసీదుతో. నా పేరు ఉండదు. కొనేవాళ్ళు నా తోబుట్టువులని రేపు పొద్దున్నే సత్యప్రసాద్‌కు, కోర్టుకు నేను రాసివ్వాలి.

రామ్మోహన్ దలాకు ఫోను చేశాడు. అటువైపు సీతాదేవి గారు ఆయన్ని కేకేసి, ఆదోరానికీ దిమ్మ దొరికింది, ఇంక సంతకం ఎట్టు అందట. జనరేటరు వేస్తున్న చప్పుడు వినిపించిందట.