కట్టని పడవలు

కూర్మమ్మ పిన్నికి,

ఫోన్లో చెబితే సగంలోనే ఏడుస్తావని రాస్తున్నాను. చెల్లి హేమ చేత చదివించుకో. మా ఆసుపత్రిలో నేను తీసిన స్కానింగు చూసి, పక్షవాతం తర్వాత బాబాయి మెదడులో ముప్ఫై దారులు మళ్లీ కలిశాయని తొందరపడి చెప్పాను. తప్పు నాదే. స్కానింగు మిషను దడదడమన్నప్పుడల్లా ఆయన వల లాగుతున్నట్టు తల ఊపాడు. తల కదిలితే సంబంధం లేని భాగాలు కూడా కలిసి పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. అల వస్తే ఒకదానికొకటి కట్టని పడవలూ కలిసే లేస్తాయి కదా! ఆ కదలికను లెక్కలోంచి తీసేసి మళ్లీ చూశాను. ఒక్క దారే మిగిలింది. వినికిడి నుంచి మాటకు వెళ్లే దారి. అది మాత్రం నిజం.

"మీ బాబాయి మళ్లీ మాటాడతాడేటే?" అని అడిగావు. మాట ఇవ్వలేను. కానీ రోజూ వల లాగేటప్పటి పాట సగం పాడి ఆపు. మిగతాది నువ్వు అందుకోకు. ఆయన కోసం ఆగు.

నీ అక్క కూతురు