చీటీ ఒకటి, మెకానిక్ మాట ఒకటి

శనివారం రాత్రి

మరిది రాంబాబు వేగం ఇంకా పెంచాలని తన టర్బో కారు ఇంజను విప్పించాడు. ఉన్న డబ్బుకి గట్టి పిస్టన్లు గాని, కనెక్టింగ్ రాడ్లు గాని ఏదో ఒకటే వస్తుందట. తేల్చుకోలేక లక్ష్మీనరసింహస్వామి పటం ముందు చీట్లు వేసి, నా చేత తీయించాడు. పిస్టన్లు వచ్చాయి. సాయంత్రం మెకానిక్ వచ్చి, "టర్బో ఒత్తిడి పెంచితే ముందు విరిగేది రాడ్లేనండి" అన్నాడు.

రాంబాబు బిక్కమొహం వేశాడు. "చీటీ కాదంటే స్వామికి కోపం రాదా వదినా?"

"ఇంజను తెలిసినాయన చెబుతుంటే వినవేంటి? రాడ్లే వేయించు. చీటీ తీసింది నేను కదా, కోపమొస్తే నా మీదే వస్తుందిలే."

నవ్వుకుంటూ వెళ్ళాడు. నాకూ తేలికపడింది. కానీ స్వామిని అడిగి మరీ మాట వినకపోవడం ఇదే మొదలు. దీపం పెడుతూ పటం వైపు చూశాను. సింహం ముఖం కదా, కోపమో కాదో తెలియలేదు. ఒళ్ళో ఉన్న అమ్మవారు మాత్రం నవ్వుతోంది.