నీకేది ముఖ్యమని అడిగారు

చిరంజీవి ఇల్వాకి హిల్డింగ్ తాత దీవించి రాస్తున్నది. ఇక్కడ మునిసిపాలిటీ వాళ్ళ వృద్ధుల ఇంట్లో అందరం క్షేమం. అంటే, కాఫీలో జున్ను ముక్కలు నానేసుకుని తింటున్నాం, ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పుకుంటున్నాం. గోథెన్‌బర్గ్‌లో నువ్వూ, నువ్వు నడిపే ట్రామూ క్షేమమే కదా? ఎవరికీ తగిలించలేదు కదా?

ఈ మాత్రం దానికి ఉత్తరమెందుకు, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నేనేం చెప్పినా నువ్వు నవ్వుతావు. నా గొంతులోనే వెటకారం ఉందట, మీ అమ్మమ్మ అనేది. కాగితం మీద గొంతు వినబడదు కాబట్టి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో. నేను చదివింది ఆరో తరగతి, అందులోనూ సగం రోజులు అడవిలోనే ఉన్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు దొరికింది, నెత్తి మీదే ఉంది. అన్నం సంగతి చెప్పాలంటే, పందిమాంసం కూరిన బంగాళదుంప ముద్దలు వారానికోసారి పెడుతున్నారు. అవి తిన్నాక అందరం ఎక్కడివాళ్ళం అక్కడే నిద్రపోతాం, సిబ్బందికీ అదే కావాలి. పక్కగది రూనె ఇంకా పేకాటలో మోసం చేస్తూనే ఉన్నాడు. చూపు ఆనని మనిషి, తన ముక్కలు తనకే కనబడవు గానీ నావి మాత్రం కనబడతాయి. నువ్వడిగిన చివరి ప్రశ్న ఉంది చూడు, దానికి తర్వాత వస్తాను.

ముందు ఇక్కడి పెద్ద వార్త. చలికాలమంతా మా సిబ్బందికి శిక్షణ నడిచింది. మునిసిపాలిటీ వాళ్ళు దేశానికి దక్షిణం వైపు నుంచి మోయా అనే అమ్మాయిని పంపించారు. గిన్నెకోడిలా గుండ్రంగా, చక్కగా ఉంటుంది. ఆవిడ చెప్పేదేమిటంటే, మాత్రలూ బీపీలూ తర్వాత, ముందు మనిషి. పక్కన కూర్చో, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకో, కళ్ళలోకి చూడు, "నీకేది ముఖ్యం?" అని అడుగు. అడిగాక నోరు మూసుకుని విను.

నేను మొదట్లో ఎగతాళి చేశాను గానీ, నిజం చెప్పొద్దూ, మంచే జరిగింది. ఇంతకుముందు తెల్లవారకుండానే వచ్చి "మనం స్నానం చేద్దామా?" అనేవాళ్ళు. నువ్వు కూడా తొట్టిలో దిగుతావా అని అడిగితే మొహం ముడుచుకునేవాళ్ళు. ఇప్పుడు నేను లేచాకే కాఫీ, కాఫీ తర్వాతే నీళ్ళు. రాత్రి పూట తలుపులకు తాళాలు వెయ్యడం కూడా మానేశారు. మనిషిని బంధించడం మర్యాద కాదని మోయా చెప్పింది. ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఒకరోజు భోజనాల గదిలో మోయా, సిబ్బంది అందరి ముందూ మమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగింది. రూనె తన పాత కారు గురించి చెప్పాడు. ఒట్టి తుప్పు డబ్బా, నాకు తెలుసు, ఎన్నిసార్లు నెట్టానో. అయినా మోయా కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు ఒళ్ళు మండింది. నా వంతు వచ్చింది. మన నది, అన్నాను. నది ఒడ్డున కూర్చోకపోతే నాకు వారం గడవదన్నాను. చలికాలంలో మంచుకు కన్నం కొట్టి మునిగేవాణ్ణన్నాను. ఆ నీళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తాయన్నాను. మోయా ఏడ్చేసింది. రూనె పళ్ళు నూరాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. "తాతా, నిన్ను ప్రతి గురువారం నది దగ్గరికి తీసుకెళ్తున్నారట, నీకు చాలా ఇష్టమట, నిజమేనా?" అని రాశావు. ఆ ప్రశ్న ఎందుకు అడిగావో నాకు తెలుసు. మీ అమ్మమ్మ టూరా, తన చెల్లెలికి కేకు ఇచ్చి వస్తానని, కాలితో తన్ని నడిపే మంచు బండి మీద నది దాటబోయింది. ఏప్రిల్ నెల, లోపల మంచు కుళ్ళిపోయి ఉంది. బండి దొరికింది. తను దొరకలేదు. అప్పటినుంచి నేను ఆ వైపు కిటికీ కూడా తెరవలేదని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది.

మొదటి గురువారం, అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోలేక, సిగ్గుతో వెళ్ళాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. పరవశించిపోయానని అనుకున్నారు. తర్వాత హోదాన్‌ని పిలిచి అంతా అబద్ధమని చెప్పేశాను. హోదాన్ అంటే నన్ను చూసుకునే సోమాలియా అమ్మాయి. నా వెటకారానికి వెటకారంతోనే జవాబిస్తుంది, అందుకే నాకిష్టం. నేర్పినట్టే కూర్చుని, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అంతా విన్నది.

"సరే తాతా, నీకు వద్దంటే మానేద్దాం," అంది. "కానీ నిన్న నువ్వే కదా కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డావు?"

"నిన్న నేను పొద్దస్తమానం పేకాడాను."

"పేకాట మొన్న. నిన్న నది దగ్గరికి వెళ్ళాలన్నావు. గురువారం దాకా ఆగమంటే, టూరా ఆగదు, చలిలో నిలబడి ఉంది అన్నావు." మెల్లగా అడిగింది. "టూరా ఎవరు తాతా?"

తల్లీ, నేను ఈ ఇంట్లో ఒక్కరికి కూడా ఆ పేరు చెప్పలేదు. ఆమె పోయాక ఈ ఊరొచ్చిన రూనెకి కూడా.

నవ్వించాలని చూశాను. నీతో పరాచికాలాడాను హోదాన్ అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

దాచింది ఇక చెప్పేస్తాను. క్రిస్మస్ ముందు డాక్టరమ్మ నన్ను గడియారం బొమ్మ గియ్యమంది. గీశాను. ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నాకు టైముతో పనేముంది, కాఫీ తెచ్చేది మీరేగా అన్నాను. ఆవిడా నవ్వలేదు. జబ్బుకి ఏదో పేరు చెప్పింది, అది కూడా మర్చిపోయాను. మీ అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది.

నేను మతిపోయి ఏదో అన్నప్పుడు, బాగున్న రోజున ఏమన్నానో గుర్తు చేసుకుని దాని ప్రకారం నడవాలని మోయా వాళ్ళకి నేర్పింది. మంచి పద్ధతే. బాగున్న రోజున నేను నది అన్నాను. ఇప్పుడు మతిపోయిన రోజున కూడా నదే అంటున్నాను. ఈ రెండింటి మధ్యా నేను వద్దు మొర్రో అంటే, హిల్డింగ్ తాత మళ్ళీ వేళాకోళం మొదలుపెట్టాడంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఇన్నేళ్ళుగా నేను చేసుకున్న పేరే అది.

నువ్వు చెబితే వింటారు. నువ్వు అబద్ధాలాడే దానివి కావు, అందులో నా పోలిక రాలేదు. ఈ ఉత్తరం అందిన వెంటనే హోదాన్‌కి ఫోన్ చెయ్యి. టూరా ఎవరో చెప్పు. నా తలుపుకి తాళం వెయ్యమని చెప్పు. మర్యాద సంగతి మంచు పూర్తిగా కరిగాక చూసుకోవచ్చు. ఇప్పుడు నది మీద మంచు పైకి తెల్లగా, గట్టిగా కనబడుతోంది, సరిగ్గా ఆ ఏడాదిలాగే.

ఇవాళ మంగళవారం. పొద్దుటినుంచి ఈ కుర్చీలోంచి లేవకుండా రాస్తూనే ఉన్నాను. ఇందాక తలెత్తి చూస్తే తలుపు దగ్గర నా బూట్లున్నాయి, వాటి కింద నీళ్ళు మడుగు కట్టాయి. లేసుల్లో మంచు ముక్కలు ఇంకా కరగలేదు. హోదాన్ కడిగి పెట్టిందేమో. అడగాలి.

చేతులు కొంకర్లు పోతున్నాయి, ఇక ఉంటాను. ట్రామ్ జాగ్రత్తగా నడుపు. రూనె నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. అమ్మమ్మ కూడా అడిగానని చెప్పమంది. కేకు తడవలేదట.

ఇట్లు,
నీ అల్లరి తాత
హిల్డింగ్