పదకొండు కిలోమీటర్లకు రెండు కుర్చీలు

ప్రియమైన మనవరాలికి,

నువ్వు రాసినట్టు కారు పూర్తిగా చచ్చిపోలేదు. నాలుగు కిలోమీటర్లు బుద్ధిగా నడిచి, ఆ తర్వాతే ఆవిర్లు కక్కుతుంది. పోయిన మీ తాతయ్యకూ కోపం సరిగ్గా అంత దూరంలోనే వచ్చేది. ఇక దాన్ని తుక్కుకు ఇచ్చేయాల్సిందే, యార్డు పదకొండు కిలోమీటర్లు. లాక్కెళ్లే బండివాడు అడిగే డబ్బుకు కొత్త రేడియేటరే వస్తుంది. చవకైన దారి ఒకటుంది: ఇంజిన్ వేడిని లాగేసేలా హీటర్ పూర్తిగా పెట్టి, అద్దాలు దించి, రెండుచోట్ల ఆగి చల్లార్చుకుంటూ వెళ్లడం. నువ్వు నడుపు, వేడి చూపే ముల్లును నేను కనిపెట్టుకుని ఉంటాను. ఆదివారం రా. ఆగినచోట కూర్చోవడానికి రెండు మడతకుర్చీలు తుడిచి ఉంచాను.

దారి చూస్తూ,
అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మా,

ఈ ఎండలో హీటరా! కారుతోపాటు మనల్నీ తూకానికేస్తారు. ల్యాబులో ఇద్దరు సెలవు పెట్టారు, ఈ నెల ఆదివారాలూ నాకు డ్యూటీయే. నువ్వు కంగారుపడకు, యార్డుకు నేనే ఫోన్ చేశాను. బండి వాళ్లే పంపుతారట, పైసా తీసుకోరట! శుక్రవారం పదింటికి వస్తారు. చూశావా, నేను రాకుండానే పనయిపోయింది.

ఒకటే విచిత్రం. "ఆ పెద్దావిడేనా? ఉచితమని రెండుసార్లు చెప్పాం కదండీ" అన్నాడతను. ఎవరనుకున్నాడో ఏమో.

ముద్దులతో,
నీ మనవరాలు

---

నా తల్లీ,

అతను నన్నే అనుకున్నాడు. రెండుసార్లు కాదు, మూడుసార్లు చెప్పాడు. మూడోసారి ఊరికే మాట్లాడదామని నేనే చేశాను. బండివాడు డబ్బడగడం నా కల్పన.

శుక్రవారం బండి వచ్చింది. కొక్కెం తగిలిస్తూ, "లోపల మీవేమైనా ఉండిపోయాయా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "ఉంటే నీకు చెబుతానా నాయనా, నేనే తెచ్చుకుంటాను" అన్నాను. నవ్వాడు. పది నిమిషాల్లో పని ముగిసింది. ఈ వారం ఎదురుగా నిలబడిన మనిషితో నేను మాట్లాడింది ఆ పది నిమిషాలే. బండి సందు మలుపు తిరిగేదాకా చూసి తలుపేసుకున్నాను.

"అడగాల్సింది సూటిగా అడగండి" అని బడిలో ముప్పయ్యేళ్లు పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని, నిన్ను రమ్మనడానికి పాడైన ఇంజిన్ను అడ్డుపెట్టుకున్నాను. ఇప్పుడు అదీ లేదు. కాబట్టి సూటిగానే: నిన్ను చూడాలని ఉంది. వచ్చే నెలైనా సరే. రానంటే రానని రాయి, కుదరదని మాత్రం రాయకు.

వచ్చేట్టయితే, స్టేషను పక్క దుకాణంలో వరండాకు ఒక బల్బు తే. మరతో బిగించేది. దుకాణంవాడు నొక్కి తిప్పేది అంటగట్టబోతాడు, తీసుకోకు. ఇది సాకు కాదు, బల్బు నిజంగానే పోయింది.

నీ
అమ్మమ్మ