గోడ అవతలి నీళ్లు

ఖరగ్‌పూర్,
ఆదివారం.

అక్కకీ, బావగారికీ వరలక్ష్మి నమస్కారాలు. అక్కడ మీరంతా ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదాని పరీక్షలు అయిపోయాయా? నా గురించి బెంగ పెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. ఆవనూనె వాసన కూడా అలవాటైపోయింది. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. మధ్యాహ్నం కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు, వీలైతే గోంగూర పచ్చడి పంపు.

పోయిన ఉత్తరంలో కొత్త పని అప్పగించారని రాశాను కదా. మా కళాశాల ఆవరణలో నీళ్లూ కరెంటూ వృథా కాకుండా చూడటం. ఇంజనీరుగా చేరినప్పటినుంచి నాకు గోడలకి సున్నాలు, తలుపుల మరమ్మతులే ఇచ్చారు. ఇన్నాళ్లకి చదివిన చదువుకి తగ్గ పని దొరికిందని ఎంత సంబరపడ్డానో! హాస్టళ్ల మీద ట్యాంకులు నిండి పొర్లిపోతున్నా పంపులు తిరుగుతూనే ఉండేవి. చివరనున్న సిబ్బంది క్వార్టర్లకి మాత్రం చుక్క వెళ్లేది కాదు. ముందుగా ఆడపిల్లల హాస్టలు తీసుకుని, ట్యాంకు నిండగానే నీళ్లు ఆగిపోయేలా బంతి వాల్వులు పెట్టించాను. పొర్లడం ఆగింది. పంపులకి విశ్రాంతి దొరికింది. చివరి క్వార్టర్లలో కుళాయిలు పారాయి. మా పెద్ద ఇంజనీరు గారు అందరి ముందూ మెచ్చుకుని సందేశ్ మిఠాయి పంచిపెట్టారు. ఆ పూట నువ్వు పక్కన ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు.

హాస్టల్లో వంట చేసే దానమ్మ అని ఒకావిడ ఉంది. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. కొత్తలో నేను భాష రాక బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, "ఏటమ్మా, మీరు మనోలేనా?" అని పలకరించి చేపల పులుసు పెట్టింది ఆవిడే. ఒక పొద్దున ఆవిడ పనికి రాలేదు. వెనక గేటు దాటి వాళ్ల బస్తీ వైపు వెళ్లి చూస్తే, ప్రహరీ గోడ తూము దగ్గర బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో దానమ్మ ఉంది.

"ఏమైంది దానమ్మా?"

"నీల్లు రాలేదమ్మా. రోజూ ఈ తూములోంచే వొచ్చేవి. మీ ట్యాంకీ పాడైపోనాదేటి?"

ట్యాంకు పొర్లిన నీళ్లన్నీ ఆ తూములోంచి అవతలికి పారేవి. అక్కడ వాళ్లు చిన్న సిమెంటు తొట్టి కట్టుకున్నారు. ఆ బస్తీ మొత్తానికి అదే ఆధారం. వృథా అని నేను ఆపించినవి ఆ నీళ్లే.

"పాడవలేదు, బాగుచేశాం. నేనే చేయించాను" అన్నాను.

ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకుంది. "మీరా అమ్మా?" అంది. అంతే.

గోడ అవతల ఒక కుళాయి పెట్టిద్దామని వెంటనే పెద్ద ఇంజనీరు గారిని అడిగాను. ఆయన చెడ్డవారు కారు అక్కా. కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ చెప్పారు, "అవతల నేల మనది కాదమ్మా. అక్కడ పైపు వేస్తే రేపు జవాబు చెప్పుకోలేం" అని. మునిసిపాలిటీ ఆఫీసుకి వెళితే, ఆ బస్తీకి ఇళ్ల పట్టాలు లేవు, కుళాయి ఇవ్వం అన్నారు. మళ్లీ మళ్లీ తిరిగాను. ఒకరోజు ఇక్కడి ఇందా పేట బజారులో రిక్షా కోసం నిలబడి ఉంటే ఏడుపొచ్చేసింది.

చివరికి నేనే హాస్టలు డాబా ఎక్కి, వాల్వు బంతి పైకి లేవకుండా తాడుతో కట్టేశాను. నీళ్లు మళ్లీ పొర్లాయి. గోడ అవతల పిల్లల కేకలు డాబా మీదికి వినిపించాయి. కానీ చివరి క్వార్టర్లు మళ్లీ ఎండిపోయాయి. వాళ్లు ఫిర్యాదు చేస్తే తాడు బయటపడింది. ఎవరి పని అని అడిగితే నాదేనన్నాను. పెద్దాయన కోప్పడలేదు, తల పట్టుకున్నారు. డాబా తలుపుకి తాళం వేయించారు. తూముని ఇటుకలతో మూయించారు. ఇప్పుడు ఎవరి మనసు మారినా నీళ్లు వెళ్లే దారి లేదు.

దానమ్మ పని మానేసింది. తాల్‌బగీచా పేటలో చేతిపంపు దగ్గర వరసలో నిలబడితే ఆవిడ పొద్దంతా అక్కడే గడిచిపోతోంది. ఇవాళ వాళ్లింటికి వెళ్లాను. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుంటూ వెళ్లాను. నెలలు నిండిన కూతురు బిందె మోసుకొస్తూ గుమ్మంలో ఎదురైంది. దానమ్మ చాప వేసింది.

"మీరేటి సేత్తారమ్మా, ఉజ్జోగం. టాటానగరులో మా మరిది ఉన్నాడు. ఈ గుంటకి కానుపు అవ్వగానే ఎల్లిపోదామనుకుంటన్నాం. పెబువే సూసుకుంటాడు" అంది. "ఎండన పడి వొచ్చినారు, తాగండి" అని గ్లాసు నిండా నీళ్లిచ్చింది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. మిగిలిస్తే పారబోయాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని చివరిదాకా తాగాను.

మిగతా హాస్టళ్ల పని కూడా నాకే ఇచ్చారు. రేపటినుంచి మొదలు. నేను మానేస్తే ఇంకొకరు చేస్తారు. ఎవరూ చేయకపోతే చివరి క్వార్టర్లవాళ్ల గొంతులు ఎండుతాయి. సాయంత్రం ఆ హాస్టళ్ల వెనక గోడల అవతలికి వెళ్లి చూసి వచ్చాను. అక్కడా తొట్లు ఉన్నాయి.

ఈ సంగతులు అమ్మతో చెప్పకు. నేను బాగానే ఉన్నానని చెప్పు. మీ అత్తగారికి నా దండాలు, పిల్లలకి ముద్దులు. దీవించమని ప్రతిసారీ రాస్తాను కదా అక్కా. ఈసారి ఏమని దీవించమనాలో నాకు తెలియడం లేదు.

నీ చెల్లెలు,
వరలక్ష్మి