పద్నాలుగు స్థలాల ఇల్లు

పిత పుత్ర పవిత్రాత్మ నామమున, ఆమెన్.

నలభై ఏళ్లకు పైగా దుకాణాలకు బోర్డులు రాసి బతికిన పెయింటరునైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. అక్షరాలు వంకరపోయినంత మాత్రాన నా బుద్ధిని శంకించవద్దు. వణికేది చెయ్యి మాత్రమే. ఆ ముక్క డాక్టరమ్మ చేత రాయించి జతపరిచాను. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత నా జ్ఞానపుత్రుడైన ప్లీడరుకు అప్పగిస్తున్నాను. జ్ఞానస్నానం రోజున జ్ఞానతండ్రిగా నేను ఎత్తుకుంటే చర్చి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఇప్పుడు కోర్టులో ఆ గొంతుతోనే బతుకుతున్నాడు.

1. నా స్వార్జితమైన ఇంటిలో కింది భాగం నా కొడుక్కీ, మేడ నా కూతురికీ, నా తదనంతరం సర్వహక్కులతో చెందుతాయి. అయితే ఈ ఇంటి గోడలకు సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ ఉన్నాయి. ప్రభువుకు శిక్ష పడిన దగ్గర్నుంచి సమాధి దాకా, మిగిలిపోయిన బోర్డు రేకుల మీద నేనే బొమ్మలు వేసి బిగించాను. వీధి తలుపు పక్కన మొదలై, వంటగది మీదుగా, మెట్లెక్కి, మేడ మీద ముగుస్తాయి. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ దారి వెంట ప్రార్థిస్తూ నడుస్తాం. కాబట్టి రేకులు ఊడదీయరాదు. మెట్ల దగ్గర తలుపు పెట్టరాదు. భక్తిని కోర్టు అమలుపరచదు మావయ్యా అని ప్లీడరు అంటున్నాడు. తలుపు సంగతైనా చూస్తుంది కదా, అదే రాయమన్నాను.

2. నా బావమరిదికి నా వెదురు నిచ్చెన. ఒకసారి అడిగి తీసుకెళ్లి, మెట్టు విరగ్గొట్టి తెచ్చి, “నాకేం తెలీదు బావా, అప్పటికే అలా ఉంది” అని చేతులు దులుపుకున్నాడు. సరిగ్గా ఆ వారమే నేను మొదటి రేకు మీద, ప్రభువుకు శిక్ష వేసి తన తప్పేం లేదన్న పిలాతు బొమ్మ మొదలుపెట్టాను. పళ్లెంలో చేతులు కడుక్కుంటున్న ఆ మీసాలు ఎవరివో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఏటా దాని ముందు నిలబడి, “పెద్దమనిషి కళ ఉట్టిపడుతోంది బావా” అని మెచ్చుకుంటాడు. ఈ అంశం చదివేటప్పుడు ప్లీడరు కాస్త దగ్గి దాటెయ్యాలి.

3. కోడలికి, పాత గుడ్డ బ్యానరు మడిచి నేను కుట్టిన మోకాళ్ల దిండు. తిరగేస్తే ‘భారీ తగ్గింపు’ అని ఉంటుంది, ఏమనుకోవద్దు. ప్రార్థనలు తెలియని ఇంటి నుంచి వచ్చి మా అందరికంటే శుభ్రంగా నేర్చుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పరలోక జపం మధ్యలో లేవదు. మోకాళ్లు నొప్పని ఏనాడూ అనలేదు. నేను చూస్తూనే ఉన్నానమ్మా.

4. మనవరాలు బుడ్డదానికి నా కుంచెలన్నీ. ప్రభువు కింద పడిన ప్రతి రేకు దగ్గరా, “మళ్లీ పడ్డాడా తాతా? ఎవరన్నా పట్టుకోవచ్చుగా!” అని నిలదీస్తుంది. పోయిన ఏడు ఎవరూ చూడకుండా తొమ్మిదో రేకు మీద సుద్దముక్కతో ఒక చెయ్యి గీసింది. నేను తుడవలేదు. దానికి రంగు వేసే హక్కు బుడ్డదానిదే.

5. నా చెక్కపూసల జపమాల కూతురికి. దీనికి కారణం చెప్పాలి. మా ఆవిడ తన జపమాల కూతురికిస్తానని మాటిచ్చింది. ఆ సంగతి కొడుక్కి తెలియదు. ఆవిడ పోయినప్పుడు, అమ్మ చేతుల్లో అమ్మదే ఉండాలని, శవపేటికలో పడుకోబెట్టాక వాడు అదే చుట్టాడు. అప్పట్లో అమ్మాయి ఉద్యోగం దూరాన. రైలు దిగి వచ్చేసరికి మూత బిగించేశారు. తప్పెవరిదంటే ఏం చెప్పను, ఇద్దరిదీ అమ్మ మీద ప్రేమే. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. అమ్మాయి ఇప్పుడు రెండు వీధుల అవతలే ఉంటుంది, తపస్కాలం శుక్రవారాల్లో తప్పకుండా వస్తుంది. వాడు స్థలం చదువుతాడు, తను జవాబు చెబుతుంది. ఏడాది మొత్తం మీద వాళ్లు ఒకరితో ఒకరు పలికేది ఆ ప్రార్థన మాటలే. నేను పోతే అవి కూడా పోతాయేమోనని నా భయం.

అందుచేత ఆదేశించడమేమనగా: నా చేతుల్లోకి మా చర్చిలో ఉచితంగా పంచిన ప్లాస్టిక్ జపమాల చాలు. చెక్కపూసలది కొడుకే తన చేత్తో, మూత వెయ్యకముందే, చెల్లెలికి ఇవ్వాలి. అమ్మాయి వచ్చేదాకా మేకు ముట్టరాదు, ఫాదరుగారు తొందరపెట్టినా సరే.

6. పై అంశాలు పోయిన వారం రాశాను. ఇది ఇవాళ చేరుస్తున్నాను. నిన్న శుక్రవారం జ్వరంతో మంచం దిగలేకపోయాను. పదమూడో స్థలం, తల్లి ఒడిలో ప్రభువు దేహం, మేడ మీద నా గదిలోనే ఉంది. అందరూ ప్రార్థన చేసుకుంటూ లోపలికొచ్చారు. జ్వరం మంటకు కళ్లు మూసుకున్నాను. కొడుకు ఎప్పటిలా బిగ్గరగా మొదలుపెట్టాడు.

“మెల్లగా చదువన్నయ్యా, నాన్న పడుకున్నాడు” అంది అమ్మాయి. ప్రార్థన పుస్తకంలో లేని మాట అది. వాడు పుస్తకం కిందికి దించాడు. తర్వాత, “కాళ్లకి దుప్పటి కప్పు” అన్నాడు. కప్పింది. ఇద్దరూ గుసగుసగా ఆ స్థలం పూర్తిచేశారు. ఒళ్లు ఉడికిపోతున్నా నేను దుప్పటి తియ్యలేదు. చెప్పాల్సిన జవాబూ చెప్పలేదు, ప్రభువు మన్నిస్తాడు. ఈ సంగతి ఇప్పుడే బయటపెడితే ఇద్దరూ సిగ్గుపడి మళ్లీ బిగుసుకుపోతారని ఇక్కడ రాసిపెడుతున్నాను.

పిల్లలూ, నేను నిద్రపోలేదు. అంతా విన్నాను. నా ప్రాణం చల్లబడింది.

ఇందులోని ప్రతి అక్షరమూ నాదేనని ఒప్పుకుంటూ, తపస్కాలం నాలుగో శుక్రవారం మర్నాడు, శనివారం పగటిపూట, మంచం మీద కూర్చుని చేసిన సంతకం:

(సంతకం) బోర్డుల పెయింటరు

సాక్షులు:
1. చర్చిలో హార్మోనియం వాయించే టీచరమ్మ
2. వీధి చివరి మంగలి. (అల్లుడు ఉత్సాహపడ్డాడు గానీ, వాటా వచ్చేవారి భర్త సాక్షి కారాదని ప్లీడరు ఆపాడు.)